ఛాంబర్ వినతిపత్రంలో 27 డిమాండ్లు. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి?

మేకులకొట్టు
మాది గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపల్ టౌను. నాన్నగారి నుంచి వచ్చిన హార్డ్‌వేర్ షాపు. మొన్న ఛాంబర్ (ఊరి వ్యాపారుల సంఘం) ఎన్నికల్లో నన్ను ఏకగ్రీవంగా జాయింట్ సెక్రటరీని చేశారు. ఎందుకు చేశారో ఇప్పుడర్థమైంది, కమిటీలో తెలుగు టైపింగ్ వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

వచ్చే నెల మంత్రిగారు మా ఊరు వస్తున్నారు. వ్యాపారుల తరఫున వినతిపత్రం ఇవ్వాలి. మీటింగులో ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు, నేను రాసుకుంటూ పోయాను. మెయిన్‌రోడ్డు కాలువ మీద స్లాబుల దగ్గర మొదలైంది, జీఎస్టీ స్లాబుల దగ్గర ఆగింది. లెక్కేస్తే 27. తోపుడుబళ్లు తీసేయాలి, పార్కింగ్ చూపించాలి, ట్రేడ్ లైసెన్సు ఫీజు తగ్గించాలి, ఆస్తిపన్ను తగ్గించాలి, కరెంటు ట్రూఅప్ ఛార్జీలు (పాత ఖర్చుల తేడా ఇప్పుడు బిల్లులో వేసేవి) ఎత్తేయాలి, పది నిమిషాల డెలివరీ యాప్‌లు ఆపాలి, ఎక్స్‌ప్రెస్ రైలు ఆగాలి... ఆఖర్న ప్రెసిడెంటుగారు వ్యాపారులకు పింఛను కూడా రాయమన్నారు.

ఇన్ని ఇస్తే మొదటి పేజీ కూడా ఎవరూ చదవరని నా భయం. తీసేద్దామంటే ఎవరిది తీసినా వాళ్లకు కోపం. మీ ఊళ్లో వ్యాపార సంఘాలు ఏం అడుగుతున్నాయి? అందులో నిజంగా జరిగినవి ఏవి?

పాతబిల్లు
27 అంటే వినతిపత్రం కాదు గురూ, పెళ్లి సరుకుల చీటీ.

సందుచివర
ఏకగ్రీవం అంటే ఎవరూ నామినేషన్ వేయలేదని కదా 😀

ఆడిటర్_బాబాయ్
పింఛను సంగతి ముందు తేల్చేస్తా. అది 2019 నుంచే ఉంది. చిన్న వ్యాపారులకు 60 ఏళ్లు దాటాక నెలకు 3,000 ఇచ్చే కేంద్ర పథకం. టర్నోవర్ కోటిన్నర లోపు ఉండాలి, చేరేటప్పుడు వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి. మీ ప్రెసిడెంటుగారి వయసెంత?

మేకులకొట్టు
68.

ఆడిటర్_బాబాయ్
అయితే అది కొట్టేయండి. 26.

తపాలు_రిటైర్డ్
నేను మున్సిపల్ ఆఫీసులో 31 ఏళ్లు చేసి దిగాను. ఎక్కువ కాలం ఇన్‌వర్డ్ సెక్షనే, అంటే వచ్చిన కాగితాలకు నంబరు వేసి నమోదు చేసే చోటు. మంత్రికిచ్చిన కాగితానికి ఏమవుతుందో చెబుతా వినండి. ఫొటో అయ్యాక అది పీఏ చేతికి వెళ్తుంది. అక్కణ్నుంచి కలెక్టరేటుకు, కలెక్టరేటు నుంచి "తగు చర్య నిమిత్తం" అని కమిషనర్ ఆఫీసుకు. మా దగ్గరికి వచ్చేసరికి ఏ సెక్షన్‌కి మార్క్ చేయాలన్నది సమస్య. కాలువంటే ఇంజినీరింగ్, లైసెన్సంటే హెల్త్, పన్నంటే రెవెన్యూ. మూడూ ఒకే కాగితంలో ఉంటే ఎవరికి పంపినా "ఇందులో కొన్ని మా సెక్షన్‌కు సంబంధించినవి కావు" అని రాసి తిప్పి పంపుతారు. ఆ రాత నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. 27 అడిగిన కాగితాన్ని క్లోజ్ చేయడమంత సులువు ఇంకోటి లేదు. ఒకే ఒక్కటి అడిగిన కాగితం వస్తే మాత్రం ఏదో ఒక జవాబు రాయక తప్పేది కాదు.

కాబట్టి విషయానికో కాగితం. ఎవరి సంతకంతో పని అవుతుందో వాళ్ల పేరు మీద. ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు అసలు అడగనట్టే.

మేకులకొట్టు
మా ఆఫీసు బీరువాలో 15 ఏళ్ల వినతిపత్రాల కాపీలున్నాయి మాస్టారూ. ఒక్కదాని మీదా ముద్ర లేదు. శాలువా కప్పుతున్న ఫొటోలు మాత్రం ఆల్బమ్ నిండా ఉన్నాయి.

పాతబిల్లు
శాలువాల ఖర్చుతో ఈపాటికి కాలువ మీద స్లాబులు పడేవి.

బట్టలబజారు
తపాలు మాస్టారు చెప్పింది మున్సిపాలిటీ పనులకు సరిపోతుంది. "మంత్రికిస్తే వేస్టు" అని మాత్రం తేల్చేయకండి. 2021 ఆఖర్లో బట్టల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతం చేస్తామన్నారు. 2022 జనవరి 1 నుంచి అమలు. సూరత్ నుంచి మన ఊళ్ల వరకు బట్టల షాపులన్నీ గోల పెట్టాయి. మేమూ ఒకరోజు షట్టర్లు దించాం, మా కలెక్టరు దగ్గరికి పోయాం, ఎమ్మెల్యే దగ్గరికి పోయాం. చేనేత పేరు చెప్పి రాష్ట్రాల మంత్రులు కూడా గట్టిగా మాట్లాడారు. డిసెంబరు 31న, అంటే అమలుకు ఒక్కరోజు ముందు, జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని ఆపేసింది. మా ఊరి కాగితం వల్లే ఆగిందని అనను. అలాంటి కాగితాలు వెయ్యి చోట్ల నుంచి ఒకే మాట మీద వెళ్లాయి కాబట్టి ఆగింది.

చెప్పులజోడు
పైన అన్న చెప్పిన కథకు రెండో సగం నేను చెబుతా. అదే రోజు, అదే లిస్టులో చెప్పులు కూడా ఉన్నాయి. వెయ్యి లోపు జోడుకు 5 నుంచి 12. బట్టలది ఆగింది, మాది ఆగలేదు. జనవరి 1 నుంచి 12 కట్టాం. మళ్లీ 5కి దిగింది 2025 సెప్టెంబరు 22న, 2,500 లోపు జోళ్లకు. దాదాపు మూడేళ్ల తొమ్మిది నెలలు. తేడా ఏంటంటే మాకు ఊరూరా సంఘం లేదు, ఉన్నచోట కలిసి అరవలేదు. బట్టల వాళ్లు షట్టర్ దించితే పేపర్లో వస్తుంది. చెప్పుల షాపు షట్టర్ దించితే కస్టమరు రేపొస్తాలే అనుకుంటాడు.

సందుచివర
చెప్పులు పట్టుకుని ధర్నా చేస్తే వేరే అర్థం వస్తుందని భయపడ్డారేమో

చెప్పులజోడు
నవ్వండి నవ్వండి.

ఆడిటర్_బాబాయ్
ఇద్దరూ మంచి పాయింటు పట్టారు. జీఎస్టీ కౌన్సిల్లో ఓటు లెక్క చాలామందికి తెలీదు. కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడొంతులు కావాలి. రాష్ట్రం తరఫున కూర్చునేది ఆర్థిక మంత్రి. అంటే జీఎస్టీ కాగితం వెళ్లాల్సింది రాష్ట్ర ఆర్థిక మంత్రికి, కౌన్సిల్ మీటింగుకు ముందు. మీ ఊరొచ్చే మంత్రి ఏ శాఖ?

మేకులకొట్టు
ఆర్థిక శాఖ కాదు. జీఎస్టీతో సంబంధం లేని శాఖ.

ఆడిటర్_బాబాయ్
అయితే జీఎస్టీ ఐటమ్స్ ఆ కాగితంలోంచి తీసేయండి. వాటిని విజయవాడలో రాష్ట్ర ఫెడరేషన్‌కు పంపండి. వాళ్లు ఎటూ బడ్జెట్ ముందు అన్ని ఊళ్ల నుంచి పోగేస్తారు. ఊరి ఛాంబరు ఊరి పని చూసుకోవాలి. రేట్ల సంగతి రాష్ట్ర స్థాయిలో పెద్దగొంతు ఉన్నవాళ్లు చూసుకుంటారు.

ఖమ్మం_కౌంటర్
బాబాయ్, ఇక్కడ నేను ఒప్పుకోను. పెద్దగొంతు ఉన్నవాళ్లకు మా బాధ పట్టదు. వస్తువులమ్మే షాపుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి మీ ఆంధ్రాల 40 లక్షలు, మా తెలంగాణల 20 లక్షలే. 2019 ఏప్రిల్‌ల దేశమంతా 40 చేసినప్పుడు కొన్ని రాష్ట్రాలు పాతదే ఉంచుకున్నయి, అందుల మాది ఒకటి. 20 లక్షలంటే రోజుకు 5,500 కౌంటరు. ఖమ్మంల కిరాణా కొట్టు ఐదున్నర వేలు దాటితే రిజిస్ట్రేషన్, గంట ప్రయాణం చేసి సరిహద్దు దాటితే 11 వేల దాక అక్కర్లేదు. పెద్ద ఛాంబర్లల కూసునేటోళ్లది కోట్ల టర్నోవర్, వాళ్లకు 20 అయితే ఏంది 40 అయితే ఏంది? వాళ్ల లిస్టుల ఇది పన్నెండో నంబర్ల ఉంటది. మా చిన్న సంఘంల మాత్రం ఒకటో నంబరు.

కిరాణా_కిట్టు
ఇది నాకు తెలీదు అన్నా. మాది నందిగామ వైపు. అందుకేనా మావాళ్లు కొందరు షాపు ఇటు పెట్టుకున్నది.

ఖమ్మం_కౌంటర్
అందుకే అని కాదు గాని, అది కూడా ఒక లెక్కే.

కిరాణా_కిట్టు
జీఎస్టీ తమాషా ఇంకోటి. 2022 జులైలో 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం వేశారు కదా. వెంటనే మిల్లులు 26 కిలోల బస్తా దించాయి. 25 దాటితే పన్ను లేదు! మా షాపులో ఇప్పటికీ కొందరు ముసలాళ్లు "ఆ కిలో ఎక్కువ ఎందుకు నాయనా" అని అడుగుతారు. చట్టం మారాలని అడిగే ఓపిక లేకపోతే వ్యాపారి బస్తానే మార్చేస్తాడు.

మర_మాస్టారు
పిండిమర, నూనెగానుగ నాది. కరెంటు గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను మాట్లాడతా.

ట్రూఅప్ తీసేయండి అని మంత్రికి రాస్తే ఆయన చేతుల్లో నేరుగా ఏమీ లేదు. ఛార్జీలు తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి, అదే ఈఆర్‌సీ. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఏటా మాకింత కావాలని లెక్కలు దాఖలు చేస్తాయి, మండలి పేపర్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తుంది, ఆ మీదట బహిరంగ విచారణ. ఎవరైనా వెళ్లొచ్చు, లాయరు అక్కర్లేదు. నేను ఒకసారి వెళ్లాను. ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు, స్కూల్లో పద్యం అప్పజెప్పేముందు ఉండే టెన్షన్. నాకు దొరికింది నాలుగైదు నిమిషాలు. ఉపన్యాసం ఇవ్వలేదు. నా పన్నెండు నెలల బిల్లులు చేతిలో పట్టుకుని, సీజన్ లేని నెలల్లో మర తిరక్కపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంత కడుతున్నానో చదివాను, అంతే.

తర్వాత వచ్చిన టారిఫ్ ఆర్డరులో నా అభ్యంతరం, దానికి డిస్కం జవాబు, దాని మీద మండలి అభిప్రాయం, మూడూ అచ్చయ్యాయి. నేనడిగింది ఇవ్వలేదు. అయినా ఇవ్వలేదన్న మాట కారణంతో సహా కాగితం మీద ఉంది. పదేళ్ల శాలువాల్లో నాకు దక్కనిది అది. ఆ రోజు హాల్లో రైతు సంఘాల వాళ్లున్నారు, పెద్ద ఫ్యాక్టరీల తరఫున కన్సల్టెంట్లున్నారు. చిన్న షాపుల తరఫున నేను తప్ప ఇంకెవరూ కనపడలేదు.

తపాలు_రిటైర్డ్
అదీ అసలు విషయం. ఆస్తిపన్ను సంగతీ ఇంతే. ఏపీలో అద్దె విలువ పద్ధతి పోయి 2021-22 నుంచి మూలధన విలువ (ఆస్తి ఖరీదు) మీద పన్ను వచ్చింది. ఏటా పెంపు 15 శాతానికి మించకూడదని పరిమితి పెట్టారు, దాంతో మెట్టు మెట్టుగా ఎక్కుతూనే ఉంది. అప్పుడు మా దగ్గర ముసాయిదా అంటించి అభ్యంతరాలు పిలిచాం. వ్యాపార సంఘం నుంచి ఏమొచ్చిందో తెలుసా? గడువు దాటిన తొమ్మిది రోజులకు ఒక ఖండన ప్రకటన. ఖండనను ఏ రిజిస్టరులో ఎక్కించాలో నాకు తెలియలేదు.

పాతబిల్లు
మాస్టారూ మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంత మంచిగా చెప్పి ఉంటే...

తపాలు_రిటైర్డ్
అప్పుడు ఎవరూ అడగలేదు బాబూ.

ఆవకాయ_అక్క
చాలాసేపట్నుంచి చదువుతున్నా. ఇంతమంది మాట్లాడారు, అందరూ షట్టర్ ఉన్నవాళ్లే. నేను భీమవరంలో ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్ముతా. నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. మా ఊరి సంఘంలో చేరదామని వెళ్తే ట్రేడ్ లైసెన్సు కాపీ, షాపు అడ్రసు అడిగారు. షాపు లేదంటే "మీది వ్యాపారం కాదు కదమ్మా, వ్యాపకం" అన్నారు.

నా బాధ ఒకటే. ఏడాదికి 12 లక్షలు కూడా దాటదు నా టర్నోవరు, విశాఖపట్నానికి పంపితే జీఎస్టీ నంబరు అక్కర్లేదు. అదే జాడీ హైదరాబాద్ పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నా ఆర్డర్లలో సగం పైన హైదరాబాద్, బెంగళూరే. మా అమ్మ పంపే రోజుల్లో హైదరాబాద్ మన రాష్ట్రమే. 2014 తర్వాత ఆవకాయకు సరిహద్దు వచ్చింది. ఇది ఎవరి 27లో ఉంది?

ఆడిటర్_బాబాయ్
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పోనీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం కట్టే పథకం) చేరుదురు కదా అంటే అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్నవాళ్లు ఆన్‌లైన్ సైట్లలో అమ్ముకోవచ్చని సడలింపు ఇచ్చారు, అదీ రాష్ట్రం లోపలే.

ఒక దారి మాత్రం ఉంది. చేతివృత్తుల వస్తువులు చేసేవాళ్లకు ఇదే నిబంధన నుంచి మినహాయింపు ఇప్పటికే ఇచ్చారు. 20 లక్షల లోపు ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పాన్ ఉండి ఈ-వే బిల్లు (సరుకు పంపడానికి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీస్తే చాలు. "ఆ జాబితాలో ఇంట్లో చేసే తినుబండారాలూ చేర్చండి" అని అడగడం కొత్త చట్టం అడగడం కాదు, ఉన్న మినహాయింపును ఇంకొంచెం సాగదీయమనడమే. ఇలాంటివే జరుగుతాయి.

మేకులకొట్టు
అక్కా, నిజం ఒప్పుకుంటున్నా. మా 27లో ఇది లేదు. మా 412 మంది మెంబర్లలో ఆడవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురూ భర్త పేరు మీద లోను రాక భార్య పేరు మీద షాపు పెట్టినవాళ్లే. మీటింగుకు వచ్చేది భర్తలు.

పూతరేకు_ఆత్రేయపురం
మా రేకుల సంగతీ అంతే అక్కా. నేను నంబరు తీసుకున్నా, ఇప్పుడు రిటర్నులు వేసేవాడికి నెలనెలా ఇచ్చేది ఒక పనిమనిషి జీతం.

డాలస్_డప్పు
ఇక్కడ మా ఊరి ఛాంబరు ఏటా ఒకే కాగితం మీద "ఈ ఏడాది మేం అడిగేవి" అని అచ్చేస్తుంది. ఎన్నికలప్పుడు అభ్యర్థులందరినీ పిలిచి అవే ప్రశ్నలు అడిగి, ఎవరేం చెప్పారో మెంబర్లకు పంపుతుంది. మీరూ అలా చేయొచ్చుగా?

సందుచివర
మా ఊళ్లో అభ్యర్థే ఛాంబర్ ప్రెసిడెంటు బావమరిది. ప్రశ్న, జవాబు ఇంట్లోనే అయిపోతాయి.

ఖమ్మం_కౌంటర్
😂😂 డాలస్ అన్నా, మా దగ్గర సంఘం ఎన్నికలకు అయ్యే ఖర్చు చూస్తే వార్డు మెంబరు ఎన్నికలు నయం. నవ్వులాటకు గాని, ఆ ఒక్క కాగితం ముచ్చట మాత్రం మంచిదే.

మేకులకొట్టు
సరే, తోపుడుబళ్ల సంగతి చెప్పండి. మా కమిటీలో నూటికి తొంభై మందికి అదే ఒకటో నంబరు. షాపుల ముందు అడ్డం, కస్టమరు బండి పెట్టుకోవడానికి జాగా లేదు.

బట్టలబజారు
అది మాత్రం తీయకండి. పండగ సీజన్లో మా షాపు మెట్ల దాకా బళ్లే. మేం పన్ను కడుతున్నాం, అద్దె కడుతున్నాం, వాళ్లకేముంది?

నాలుగుచక్రాల_బండి
అన్నా, నేను మీరు చెప్పే ఆ బండివాణ్నే. పళ్లు అమ్ముతా. నాకేముందో చెప్పనా? నేను నిలబడే నాలుగడుగులకు వెనక షాపాయనకు రోజుకు 150 ఇస్తా. అద్దె ఆయనకు, తిట్లు నాకు. సంఘం మీటింగులో బళ్లు తీసేయాలని చేతులెత్తినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

పాతబిల్లు
అమ్మో.

సందుచివర
ఈ పోస్టుతో థ్రెడ్ క్లోజ్ చేయొచ్చు

బట్టలబజారు
అందరూ అలా తీసుకోరు తమ్ముడూ. నేనైతే తీసుకోను.

నాలుగుచక్రాల_బండి
మీరు తీసుకోరేమో. మా రోడ్డులో ఆరుగురు తీసుకుంటారు.

తపాలు_రిటైర్డ్
చట్టం మాట కూడా చెబుతా. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. "తీసేయండి" అని మంత్రికి రాస్తే ఆయన సరే అన్నా కమిషనర్ చేయలేడు, చేస్తే కోర్టులో నిలబడదు. అదే చట్టంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉంది. కమిషనర్ అధ్యక్షుడు, 40 శాతం వీధి వ్యాపారులు, అందులో మూడో వంతు ఆడవాళ్లు. వ్యాపార సంఘాలకు కూడా అందులో చోటు ఉంది. మీ ఊళ్లో ఛాంబర్ తరఫున ఆ కమిటీలో ఎవరున్నారు?

మేకులకొట్టు
ఇప్పుడే ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను. "అలాంటి కమిటీ ఒకటి ఉందా?" అన్నారు.

తపాలు_రిటైర్డ్
ఉంది. కనీసం కాగితం మీద ఉంది. అడగాల్సింది బళ్లు తీసేయమని కాదు, ఆ కమిటీ సమావేశం పెట్టి, బళ్లకు ఎక్కడ, పార్కింగుకు ఎక్కడ అని గీతలు గీయమని. అందులో మీరూ, బండి తమ్ముడూ ఎదురెదురుగా కూర్చుంటారు.

నాలుగుచక్రాల_బండి
గీత గీస్తే నాకూ మంచిదే. 150 మిగుల్తుంది.

సప్లై_సుబ్బులు
ఎఫ్ఎంసీజీ డిస్ట్రిబ్యూటర్‌ని. పది నిమిషాల యాప్‌ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మాది ఇంకా చిన్న ఊరు, అవి రాలేదు, మా బావగారి ఏరియా విజయవాడలో వచ్చాయి. ఆయన కిరాణా కొట్లకు వేసే బిస్కెట్లు, సబ్బులు సగానికి పడిపోయాయి. యాప్‌లో అమ్మే ధర మాకు కంపెనీ ఇచ్చే ధర కన్నా తక్కువ. మేం ఎక్కడ అడగాలి?

ఆడిటర్_బాబాయ్
మీ మంత్రిని కాదు. డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య 2024లో ఈ విషయం మీదే కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో అన్యాయపు పోటీని విచారించే కేంద్ర సంస్థ) తలుపు తట్టింది. మీ బావగారి దగ్గర బిల్లులుంటే (కంపెనీ ధర ఒక పక్క, అదే రోజు యాప్ ధర స్క్రీన్‌షాట్ ఇంకో పక్క) ఆ సమాఖ్యకు పంపండి. వాళ్లకు కావాల్సింది అదే. మీ ఊరి ఛాంబరు "యాప్‌లు నిషేధించాలి" అని రాస్తే పేపర్లో రెండు లైన్లు వస్తాయి, అంతకుమించి ఏమీ రాదు.

లేతు_మిషన్
అందరూ ప్రభుత్వాన్ని అడుగుతున్నారు, నేను మీ వ్యాపారుల్నే అడుగుతా. మాది చిన్న వర్క్‌షాపు, బోల్టులు, క్లాంపులు చేసి హార్డ్‌వేర్ హోల్‌సేలర్లకు వేస్తాం. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మొన్నటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్నులో మెలిక పెట్టారు, గడువు దాటి, ఏడాది ముగిసేలోగా కూడా కట్టకపోతే ఆ ఏడాది ఆ కొనుగోలు ఖర్చు కింద చూపించుకోలేరు. అప్పుడేమైంది? నా పాత ఖాతాదారు ఒకాయన "నీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) రద్దు చేసుకో, లేకపోతే సరుకు వద్దు" అన్నాడు. ఆయన వాళ్ల ఊరి సంఘంలో కోశాధికారి. మీటింగుల్లో "చిన్న వ్యాపారిని ఆదుకోవాలి" అని మైకు పట్టుకునేది కూడా ఆయనే.

మేకులకొట్టు
లేతు అన్నా, మా షాపులోనూ 90 రోజులు నడిచేది. గవర్నమెంటు కాంట్రాక్టరు నాకు ఏడాదికి ఇస్తాడు, నేను నీకు మూడు నెలలకు ఇస్తాను. ట్రేడర్‌కి ఆ 45 రోజుల రక్షణ లేదు, ఉద్యమ్ నంబరున్నా అది బ్యాంకు లోను వరకే. ఈ గొలుసులో మొదట ఆగేది ప్రభుత్వ బిల్లు దగ్గరే.

లేతు_మిషన్
అయితే అది రాయి. "కాంట్రాక్టర్ల పాత బిల్లులు ఇవ్వండి" అని. అది నీకూ నాకూ ఇద్దరికీ.

ఆవకాయ_అక్క
ఇది ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు నచ్చిన మాట.

కిరాణా_కిట్టు
చెత్త పన్ను గుర్తుందా? 2021లో వచ్చింది, మా సంఘం మూడు వినతిపత్రాలిచ్చింది, ఏం కాలేదు. 2024లో ప్రభుత్వం మారింది, రద్దయింది. వినతిపత్రాల కన్నా ఓటే పనిచేసిందని నేనంటా.

బట్టలబజారు
ఓటు ఐదేళ్లకోసారి తమ్ముడూ. మధ్యలో కాలువ పొంగితే?

పాతబిల్లు
ఇంకోటి. బెంగళూరులో 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి కూరగాయలు, పాలు అమ్మేవాళ్లకూ నోటీసులిచ్చారు. షాపుల ముందు "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని బోర్డులు లేచాయి, బంద్‌కు పిలుపిచ్చారు. చివరికి ప్రభుత్వం మెత్తబడింది. మెమొరాండం కన్నా ఆ బోర్డు బలంగా పనిచేసింది. నా ఉద్దేశం, అన్ని ఆయుధాలూ ఉంచుకోవాలి, రోజూ ఒకటే తీయకూడదు.

మేకులకొట్టు
(18 రోజుల తర్వాత)
తర్వాత ఏమైందో చెబుదామని వచ్చాను.

జనరల్ బాడీ పెట్టించాను. మధ్యాహ్నం భోజనం ఉందని రాస్తే 140 మంది వచ్చారు. 26 డిమాండ్లూ గోడ మీద అంటించి, ఒక్కోదాని పక్కన "ఇది ఎవరి చేతిలో ఉంది" అని రాశాను (ఆడిటర్ బాబాయ్ ఫోన్లో సాయం చేశారు). తలా రెండు చుక్కలు పెట్టమన్నాను. కమిటీలో నంబరు వన్ అనుకున్న తోపుడుబళ్లకు 19 చుక్కలే పడ్డాయి. కాలువకు 88. కాంట్రాక్టరు బిల్లుల బకాయికి 61. అది కమిటీ లిస్టులో 22వది!

మూడు కాగితాలు చేశాం. కాలువది కమిషనర్ పేరు మీద, ఏ షాపు నుంచి ఏ షాపు దాకా స్లాబు లేదో కొలిచి, 340 మీటర్లని రాసి. బిల్లులది మంత్రిగారికి, ఎవరికి ఎన్ని నెలల నుంచి ఆగాయో పట్టికతో. మూడోది వెండింగ్ కమిటీ సమావేశం పెట్టమని. దాని మీద ఛాంబర్ సంతకం పక్కనే బళ్ల యూనియన్ సంతకం కూడా ఉంది. దానికి ముగ్గురు కమిటీ మెంబర్లు అలిగారు. అందులో ఇద్దరు రోజుకు 150 బాపతు అని ఊళ్లో అంటున్నారు, నేను మాత్రం అనట్లేదు.

ఆవకాయ అక్క విషయం ఫెడరేషన్‌కు విడిగా మెయిల్ చేశాను. జవాబు రాలేదు. మెంబర్‌షిప్‌కి షాపు అడ్రసు అక్కర్లేదన్న సవరణ ఓటుకు పెడితే 11 ఓట్లతో ఓడిపోయింది. వచ్చే జనరల్ బాడీలో మళ్లీ పెడతా.

పాతబిల్లు
మరి శాలువా?

మేకులకొట్టు
కప్పాం. ప్రెసిడెంటుగారు ఆ ఒక్కటి మాత్రం వదల్లేదు. పింఛను కూడా నోటితో అడిగేశారు.

తపాలు_రిటైర్డ్
ఇన్‌వర్డ్ నంబర్లు తీసుకున్నారా?

మేకులకొట్టు
రెండింటికి తీసుకున్నా మాస్టారూ. మంత్రిగారి కాగితం మీద ముద్ర వేసేవాళ్లు ఎవరూ దొరకలేదు. పీఏగారు "మేం చూసుకుంటాం" అన్నారు.

తపాలు_రిటైర్డ్
సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అదే కాగితం ఇంకో ప్రతి అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి. పదిన్నరకల్లా వెళ్లండి, పదకొండు దాటితే లైను మెట్ల దాకా ఉంటుంది.

ఆవకాయ_అక్క
11 ఓట్లేగా తమ్ముడూ. వచ్చే జనరల్ బాడీ భోజనంలోకి ఆవకాయ నేను పంపుతా. మీది మన రాష్ట్రమే, నంబరు అక్కర్లేదు.